ఆమె పియానో ఒక్కటే

అక్టోబరు పదకొండు అంటే పొట్టికి ఇప్పటికీ టొమాటో సూపు రుచే నోట్లోకి వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం బావ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ సూపులో రొట్టె ముంచుకుని తింటున్నారు. రొట్టె ఒకవైపు మాడింది. మాడిన ముక్క తనవైపు ఉంచుకుని, మంచి ముక్క ఆమె పళ్ళెంలోకి తోశాడు బావ. అప్పుడే ఫోన్ మోగింది. ఆ ఏటి జాజ్ పియానో బహుమతి వాళ్ళిద్దరి జంటకు వచ్చిందని కబురు. పొట్టి చేతిలో చెంచా జారి సూపు ఒళ్ళో పడింది. “బహుమతి ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు ఆ మరక కడుక్కో” అన్నాడు బావ. అని, తనే లేచి తడిగుడ్డ తెచ్చి ఇచ్చాడు.

ఆ బహుమతే వాళ్ళను ఈ పియానో ఉత్సవానికి లాక్కొచ్చింది.

పొట్టి అసలు పేరు పోస్టర్ల మీద తప్ప ఎక్కడా వినపడదు. చిన్నప్పుడు కాళ్ళు పెడళ్ళకు అందకపోతే అక్క ఒక చెక్కపెట్టె తెచ్చి కాళ్ళ కింద పెట్టింది. అప్పటినుంచి పొట్టి, పొట్టే. నలభై దగ్గర పడుతున్నా అంతే. అక్క పోయి మూడేళ్ళు. బావ అంటే ఆ అక్క మొగుడే. పొట్టి కాలేజీలో ఉన్నప్పటినుంచీ బావా మరదళ్ళు రెండు పియానోలు ఎదురెదురుగా వేసుకుని వాయిస్తున్నారు. రాసిపెట్టుకున్నది చదివి వాయించడం కాదు, అక్కడికక్కడ పుట్టించి వాయించడం. ఒకరు పాట విసిరితే ఇంకొకరు పట్టుకుంటారు. బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతలు కూడా అదే మెచ్చుకున్నారు. ఒక్క పాటను ఇద్దరు ఇంత సందు లేకుండా పంచుకోవడం తాము వినలేదన్నారు.

పోయిన వారం మనం వాళ్ళను వదిలిన చోట ఇద్దరికీ మాటల్లేవు. ముగింపు సాయంత్రం జంటగా వాయించేముందు ఒక్కొక్కరూ విడిగా ఇరవై నిమిషాలు వాయించాలని ఉత్సవ కార్యదర్శి అడిగింది. “మేం కలిసే వాయిస్తాం, విడిగా వద్దండీ” అన్నాడు బావ, ఎన్నడూ లేనంత గట్టిగా. “నేనొక్కదాన్నీ కనిపిస్తే నీకు కష్టంగా ఉందా బావా?” అని పదిమందిలో అనేసి, అతనికంటే ముందే సంతకం పెట్టేసింది పొట్టి. బావ కలం తీసుకుని, ఇంకొక్క మాట మాట్లాడకుండా తనూ పెట్టాడు.

పొట్టి దాచిన సంగతి ఒకటుంది. ఆమె కుడిచేతి ఉంగరపు వేలు కొన్నేళ్ళుగా మాట వినడంలేదు. మామూలు పనులు చేస్తుంది, బొత్తాం పెడుతుంది, జడ అల్లుతుంది. పియానో మెట్ల మీదికి వెళ్ళేసరికి మాత్రం అరచేతిలోకి ముడుచుకుంటుంది. డాక్టరు ఆర్నెల్లు వాయించవద్దన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. తనకు తనే కసరత్తులు చేసుకుని, వేలిని దారికి తెచ్చుకున్నానని నమ్మింది. రిహార్సల్‌లో ఒక్క స్వరమూ తప్పిపోవడం లేదు కదా మరి.

మర్నాడు సాయంత్రమే కచేరీ. దానికి ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్‌ను నమూనాకు రికార్డు చేసిన సౌండ్ ఇంజినీరు, పొద్దువాలే వేళకు ఆమెను ఒక్కసారి రమ్మని కబురు పెట్టాడు.

*

రికార్డింగు గది హాలు వెనక, మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. గోడలకు బూడిద రంగు మెత్తలు. ఒక తలుపు తోసుకుని లోపలికి వస్తే ఇంకో తలుపు. ఆ రెండోది మూసుకుందంటే చెవుల్లో దూది కుక్కినట్టే. బయట హాల్లో కుర్చీలు సర్దుతున్న మోత టక్కున ఆగిపోయింది.

ఇంజినీరుకు విపరీతమైన జలుబు. బల్ల మీద దగ్గు బిళ్ళల రేపర్లు కుప్పపడి ఉన్నాయి.

“రండి మేడమ్. ముక్కు పనిచెయ్యట్లేదు గానీ చెవులు బానే ఉన్నాయి, భయపడకండి” అన్నాడు. “చిన్న గొడవ. ఎక్కడో ఒక రేకు జిర్రుమంటోంది. మీ పియానోలోనా, సార్ పియానోలోనా తెలియట్లేదు. మీ చేతికి గాజులుగానీ, వాచీగానీ...”

“వాయించేటప్పుడు ఏమీ పెట్టుకోను.”

“అయితే పాపం పియానోదే. రెండిటికీ విడివిడిగా మైకులు పెట్టాను కదా, ఒకదాన్ని నొక్కేసి ఒకదాన్ని విందాం. ముందు మీది.”

మిషన్ మీద రెండు మీటలకు తెల్లకాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద ‘మేడమ్’ అనీ, ఇంకోదాని మీద ‘సార్’ అనీ రాసి ఉంది. ఇంజినీరు ‘సార్’ను కిందికి లాగేశాడు.

స్పీకర్లలోంచి ఆమె పియానో ఒక్కటే వచ్చింది.

ఆ భాగం పొట్టికి బాగా ఇష్టమైనది. పసిపిల్ల సోఫా చెయ్యెక్కి, పైన కాసేపు నిలబడి, మళ్ళీ జారుకుంటూ దిగినట్టుండే పాట. న్యాయనిర్ణేతలు పేరుపెట్టి మెచ్చుకున్నది కూడా ఈ చోటే. ఆమె పెదాల మీద చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, దానికి ఇక అక్కడ పని లేకపోయినా.

రెండు స్వరాలు, ఒక సందు. ఒక స్వరం, మళ్ళీ సందు. పిల్ల సోఫా ఎక్కడం లేదు. ఒక మెట్టు లేని నిచ్చెన మీద కాలు పెట్టబోయి పెట్టబోయి ఆగిపోతోంది. పళ్ళూడిన నోరు నవ్వినట్టుంది పాట. ఆ సందుల్లో రావలసిన స్వరాలు రాకుండా పోలేదు. చాలా దూరంగా, గోడ అవతల పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు, సన్నగా వినిపిస్తున్నాయి. బావ పియానోలోంచి వచ్చి ఆమె మైకులో లీలగా పడిన స్వరాలవి.

“మైకు సరిగ్గా పట్టినట్టు లేదండీ” అంది పొట్టి.

“పట్టకపోవడమా? మీ ఊపిరి కూడా పట్టింది, వినండి.” ఇంజినీరు శబ్దం పెంచాడు. నిజమే. స్వరం రాని ప్రతిచోటా ఆమె చిన్నగా ఊపిరి బిగపట్టడం వినబడుతోంది. “ఎంత బాగా వదులుతారండీ మీరు! ఇలా వదిలారో లేదో అలా సార్ అందుకుంటారు. రెండూ కలిపి వింటే అసలెవరిదో తేల్చడం నా వల్ల కాలేదు. ఇదెన్నేళ్ళ సాధన మేడమ్?”

“ముందునుంచీ పెట్టండి.”

“రేకు మోత ఇక్కడే...”

“ముందునుంచీ పెట్టండి. దయచేసి.”

పాట మళ్ళీ మొదలయింది. పొట్టి తన కుడిచేతిని తొడ మీద పెట్టుకుని పాటతోపాటు వాయిస్తూ వేళ్ళకేసి చూసింది. ఉంగరపు వేలు మెల్లిగా, సిగ్గుపడ్డ పిల్లలా, అరచేతిలోకి తల దాచుకుంది. ఆమె అనుకున్నట్టు తేలిగ్గా తాకడం లేదు. అసలు తాకడమే లేదు.

రెండు పియానోల మధ్య కూర్చునేవాళ్ళకు మాత్రమే వచ్చే పొరపాటది. వేలు కదిలింది, అదే క్షణాన స్వరం పలికింది. పలికించింది నా వేలే అనుకోక ఇంకేమనుకుంటారు? పక్కన నడిచేవాడి అడుగు చప్పుడు తనదే అనుకున్నట్టు, ఇన్నాళ్ళూ ఆమె బావ వేళ్ళతో నడిచింది.

ఇంజినీరుకు రేకు మోత దొరికింది. “మీ పియానో మూతదే, బందు దగ్గర పిన్ను వదులైనట్టుంది. చూసొస్తా” అని పాట ఆపి లేచాడు. వెళ్తూ ఆమె ముఖం చూసి ఆగాడు. ఏమైందని అడగలేదు. కుర్చీ వెనక వేలాడుతున్న తన కోటు తీసి ఆమె భుజాల మీద వేశాడు. “ఇక్కడ ఏసీ తగ్గించడానికి లేదు మేడమ్, మిషన్లు వేడెక్కుతాయి. జలుబు నాకే, కోటుకు లేదు” అని, ఒక దగ్గు బిళ్ళ ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

*

కాసేపటికి తలుపు తోసుకుని బావ వచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన శాండ్‌విచ్ ఉంది.

“కిందంతా వెతికాను. నాతో మాట్లాడవు, సరే. మాట్లాడకపోవడంలో తిండి మానెయ్యడం కూడా కలిసుందా, లేక అది వేరేనా?”

“తలుపు వెయ్యి బావా.”

“వేశాను కదా.”

“రెండోది కూడా.”

రెండో తలుపు పడింది. బావ శాండ్‌విచ్ బల్ల మీద పెట్టబోయి, మిషన్ వైపు చూశాడు. రెండు మీటల్లో ఒకటి పైన, ఒకటి కింద ఉండడం చూశాడు. అతనికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఎత్తిన చెయ్యి శాండ్‌విచ్‌తో సహా గాల్లోనే ఆగింది.

“విన్నావా?” అన్నాడు.

“రెండుసార్లు.” పొట్టి అతనికేసి చూడకుండా అంది. “ఎన్నాళ్ళనుంచి?”

“కూర్చోనివ్వు ముందు.”

“కూర్చో. నేను వద్దన్నానా? ఎన్నాళ్ళనుంచి అని అడుగుతున్నా.”

బావ ఇంజినీరు కుర్చీలో కూర్చున్నాడు. “మీ అక్క ఉన్నప్పటినుంచి.”

“అక్కకు తెలుసా?”

“నాకు చెప్పిందే తను. జబ్బుతో మంచం మీద పడుకుని, పక్కగదిలో మనం వాయిస్తుంటే వినేది కదా. ఓ రోజు నన్ను పిలిచి, దాని ఉంగరపు వేలు అలిసిపోతోంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి అంది. నాకు అప్పటికి అంత తేడా తెలియలేదు. తర్వాత చూస్తే తెలిసింది.”

“ఏం చూస్తే?”

“నీ మణికట్టు.” బావ తన మణికట్టును కొద్దిగా పైకెత్తి చూపించాడు. “ఆ వేలి వంతు వచ్చేముందు ఇంత లేస్తుంది. అది లేచిందంటే నేను ఆ స్వరం మీద వేలు పెట్టుకుని ఉంటా. నీది పలికితే రెండూ కలిసి పలుకుతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. పలక్కపోతే నాది ఉంది.”

“కానీ మనం అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తాం. నేను ఏ స్వరం మీదికి వెళ్తానో నాకే తెలీదు, నీకెలా తెలుస్తుంది?”

బావ చిన్నగా నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది. “ఇరవయ్యేళ్ళుగా ఎదురుగా కూర్చున్నాను పొట్టీ. నువ్వెక్కడికి వెళ్తావో నాకు తెలీదా?”

ఆమెకు చెంపదెబ్బ తగిలినట్టయింది. జాజ్ వాయించేవాళ్ళను తిట్టాలంటే ఇంతకు మించిన తిట్టు లేదు.

“అంటే నేను కొత్తగా ఏమీ వాయించట్లేదన్నమాట. వాయించినదే వాయిస్తున్నా. నువ్వు ముందే వెళ్ళి అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నావ్.”

“నేనలా అన్లేదు.”

“అన్నావ్. ఇంకా ఏమన్లేదో అది కూడా అను. బహుమతి ఎవరిది బావా? సందు లేకుండా పంచుకున్నారన్నారే, ఆ సందులు నావి, పూడ్చింది నువ్వు. స్టేజి మీద ఆ కప్పు పట్టుకుని నేను పళ్ళికిలించుకుంటూ నిలబడ్డాను. పక్కన నువ్వు చప్పట్లు కొట్టావ్, నాకోసం! నీకు సిగ్గనిపించలేదా? పోనీ నవ్వైనా రాలేదా?”

“రెండూ రాలేదు. సంతోషం వేసింది.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మానేస్తావని.”

“మానెయ్యాలో వద్దో నేను కదా చెప్పుకోవాలి! ఆ డాక్టరు ఆర్నెల్లు ఆపమన్నాడు. అప్పుడే ఆపి ఉంటే ఈపాటికి వేలు బాగుపడేదేమో. నాకు నయమైపోయిందనుకుని నేను ఇంకా ఇంకా వాయించాను. నువ్వు దాన్ని బాగుచెయ్యలేదు బావా, దాచావ్. గాయం మీద రగ్గు కప్పావ్.”

బావ తలొంచుకున్నాడు. “డాక్టరు దగ్గరికి వెళ్ళావని నాకు తెలీదు.”

“నేనూ దాచానులే” అంది పొట్టి, కొంచెం మెత్తబడి. మళ్ళీ గుర్తొచ్చి, “అందుకేనా విడిగా వద్దని అంత గొడవ చేశావ్?” అంది.

“మరి? కుళ్ళుకుంటున్నా అనుకున్నావ్ కదూ?”

“అనుకున్నా. పదిమందిలో అన్నా కూడా.”

“అంటే అన్నావులే. మరదలివి, నువ్వు కాకపోతే ఎవరంటారు?”

ఆ గదిలో మాట ఆగితే ఏమీ మిగలదు. గడియారం చప్పుడు కూడా ఉండదు. రేపు ఇదే సమయానికి హాలు నిండుగా ఉంటుంది. ముందువరసలో బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. స్టేజి మీద ఆమె ఒక్కతే, పక్కింట్లోంచి స్వరాలు అందించేవాళ్ళు లేకుండా ఇరవై నిమిషాలు. సంతకం పెట్టమని ఎవరూ బలవంతపెట్టలేదు. తనే పెట్టింది, బావను సాధించడానికి.

“ఒకటి చేద్దాం” అన్నాడు బావ. “ఇప్పుడే కార్యదర్శిగారి దగ్గరికి వెళ్తా. నాకు ఒంట్లో బాలేదు, గుండెల్లో దడగా ఉంది, విడిగా కూర్చుని వాయించలేను, మా మరదలు పక్కనుంటే సరే అంటా. ఈ వయసు చూసి ఎవరైనా నమ్ముతారు. నీ పేరు రాదు.”

ఒక్క క్షణం పొట్టికి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఎంత సుఖమైన మాట! ఊ అంటే చాలు. రెండు తలుపులూ తెరుచుకుంటాయి.

“చూశావా?” అంది మెల్లగా. “మళ్ళీ నువ్వే అందుకుంటున్నావ్.”

బావ చేతిలోని శాండ్‌విచ్‌ను బల్ల మీద పెట్టేశాడు.

“అసలు ఎన్ని తీసుకున్నావో వింటా ఉండు. నా పాటలోంచి ఎన్ని మూటగట్టుకున్నావో” అంటూ ఆమె మిషన్ మీదికి వంగి ‘మేడమ్’ మీటను కిందికి లాగింది. ‘సార్’ను పైకి తోయబోయింది.

“వద్దు పొట్టీ.” బావ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “అది వద్దు. కావాలంటే నన్ను తిట్టు. అది మాత్రం పెట్టకు.”

ఇందాకటినుంచీ ఎన్ని మాటలన్నా కదలని మనిషి. ఇప్పుడతని అరచెయ్యి తడిగా ఉంది. పొట్టి ఆ చేతిని తీసి పక్కన పెట్టి, మీటను తోసి, పాట మళ్ళీ పెట్టింది.

ముందు ఏమీ రాలేదు. పొరపాటున ఆపేశానా అని చూసింది. లేదు, తిరుగుతోంది. కుర్చీ కిర్రుమంది. ఒక స్వరం వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు బావ ఊపిరి. రెండు స్వరాలు. పెడల్ తొక్కిన అలికిడి. మళ్ళీ ఊపిరి. దూరంగా, పక్కింట్లోంచి, ఆమె పాట సన్నగా వినబడుతోంది. ఇక్కడ మాత్రం ఎవరో చీకట్లో చేతులు చాపుకుని, ఏదైనా జారిపడితే పట్టుకుందామని నిలబడి ఉన్నారు. ఎడమచేతి ఆసరా కాస్త ఉంది, గోడలాగా. అంతకు మించి ఇంకేమీ లేదు.

పొట్టి పాటను ముందుకు జరిపింది. అక్కడా అంతే. ఇంకా ముందుకు జరిపింది. అతని వంతుగా విడిగా వాయించే భాగం రావాలి. వచ్చింది. వింటే, అది ఆమె అంతకుముందు వాయించిన పాటే, కాస్త నెమ్మదిగా తిరిగి చెప్పినట్టుంది.

“ఇందులో నీ పాట ఏదీ?” అంది.

బావ మిషన్‌కేసే చూస్తున్నాడు.

“బావా, నిన్నే. నీ పాటేది?”

“లేదు.”

“లేకపోవడం ఏంటి?”

“లేదంటే లేదు పొట్టీ.” బావ తన రెండు చేతులకేసి, అవి ఎవరో దాచమని ఇచ్చి మళ్ళీ రాకుండా పోయిన వస్తువుల్లా చూసుకున్నాడు. “మీ అక్క పోయాక ఇంట్లో పియానో ముందు కూర్చునేవాణ్ణి. చేతులు మెట్ల మీద పెట్టేవాణ్ణి. ఏమీ వచ్చేది కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్క ముక్క వచ్చేది కాదు. అదే నీ ముందు కూర్చుంటే చేతులకు పని ఉండేది. ఎక్కడ జారుతుందా అని చూడ్డం, పట్టుకోవడం. దాన్నే వాయించడం అనుకున్నా. అందరూ బాగుందన్నారు, ఎంత నిదానం, ఎంత పొదుపు అని రాశారు. నేనూ ఊరుకున్నా.”

“విడిగా వద్దన్నది నాకోసం కాదన్నమాట.”

“సగం నీకోసమే.” “ఇంకోటి కూడా చెప్తా, నన్ను అసహ్యించుకున్నా సరే. నీ వేలు నిజంగా బాగైపోతే నేనేం చెయ్యాలి అని భయపడ్డాను. ఒక్కోరోజు నీది గట్టిగా పలికి నాది అక్కర్లేకపోతే, ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.”

పొట్టికి కోపం రావలసిన మాటే. వెతుక్కుంటే దొరకలేదు. బదులుగా, అక్టోబరులో మాడిన రొట్టె తనవైపు ఉంచుకున్న మనిషిని, ఆ ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పియానో ముందు ఊరికే కూర్చున్న మనిషిని కలిపి చూసింది. తన ఇల్లు అతని ఇంటికి నాలుగు వీధుల అవతలే. ఎన్నడూ తలుపు తట్టి లోపల ఏం చేస్తున్నావని అడిగిన పాపాన పోలేదు.

అప్పుడు గోడ మీది చిన్న స్పీకరు గరగరలాడింది. స్టేజి మీదినుంచి ఇంజినీరు గొంతు. “మేడమ్, వినపడుతోందా? దొరికిందండీ, పిన్నే! బిగించేశా. ఇంకొక్కటి చెప్పండి, ఇప్పుడే మైకులు సర్దేసుకుంటే నేను పోయి ఆవిరి పట్టుకుంటా. రేపు విడిగా వాయించేది ముందు ఎవరు? రెండు పియానోలూ మొదటినుంచీ స్టేజి మీదే ఉంచమంటారా?”

మాట్లాడే బొత్తాం ఆమె వైపే ఉంది.

“పొట్టీ” అన్నాడు బావ. “రెండూ ఉంచమను. నేను ఊరికే కూర్చుంటా. ఏమీ వాయించను. ఒట్టు.”

“నువ్వక్కడుంటే నేను వదిలిన ప్రతిదీ ఎత్తుకుంటావ్ బావా. వద్దన్నా ఎత్తుకుంటావ్. నీ చేతుల్లో లేదది.”

“మరి సందులు?”

“సందులు సందుల్లాగే ఉంటాయి. ఉన్న వేళ్ళతో ఏమొస్తే అది. నవ్వితే నవ్వుతారు.” ఆమె బొత్తాం నొక్కింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ముందు నేనేనండీ. నేను వాయించేటప్పుడు స్టేజి మీద నా పియానో ఒక్కటే ఉండాలి. ఆయనది పక్కగదిలో పెట్టించండి. నాది అయ్యాక నాది తీసేసి, ఆయనది తీసుకురండి.”

“అలాగే మేడమ్. ఆ తర్వాత జంటగా వాయించేదానికి రెండూ వేస్తాం.”

“అది అప్పటికి చూద్దాం” అంది పొట్టి.

బొత్తాం వదిలేసరికి బావ లేచి నిలబడి ఉన్నాడు. ముఖం గోడ మెత్తల రంగులోకి తిరిగింది. “నా వంతు వచ్చినప్పుడు నువ్వెక్కడుంటావ్?”

“నీకు కనపడని చోట.”

బావ తలూపి, ఒక తలుపు తర్వాత ఒక తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

పొట్టి శాండ్‌విచ్ సగం తింది. తినడం మొదలుపెట్టాక ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తింది. నడవలోకి వచ్చేసరికి ఒకావిడ పెద్ద చప్పుడు చేసే మిషన్‌తో కార్పెట్ శుభ్రం చేస్తోంది. పొట్టి కళ్ళు చూసి మిషన్ ఆపేసింది. ఆమె దాటి వెళ్ళేదాకా అటు తిరిగి, చిక్కుపడని తీగను చిక్కు తీస్తూ నిలబడింది. ఎవరో తెలియనివాళ్ళు చేసే ఇలాంటి ఉపకారాలకు తిరిగి చెప్పే మాటంటూ ఉండదు.

స్టేజి మీద ఆమె పియానో ఒక్కటే ఉంది. రెండోది ఉన్నచోట నేల మీద చక్రాల అచ్చులు మాత్రం మిగిలాయి. పొట్టి కూర్చుని, తన సోఫా ఎక్కే పాటను మొదలుపెట్టింది. రెండు స్వరాలు, సందు. ఒకటి, సందు. ఈసారి ఎటునుంచీ ఎవరూ అందుకోలేదు. హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు ఒకసారి తలెత్తి చూశారు. అది పాటనుకున్నారో, పియానో ఇంకా బాగుపడలేదనుకున్నారో తెలియలేదు. ఆమెకు భయమేసింది. అయినా చివరిదాకా దిగింది, సందులతోనే.

ఆ తర్వాత బావను వెతుక్కుంటూ పక్కగదికి వెళ్ళింది.

గది గుమ్మంలో కాపలాదారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. “పెద్దాయన లోపల కూర్చుంటానన్నారమ్మా. ఎంతసేపైనా కూర్చోమన్నా. ఈ గది రాత్రికి ఇక ఎవరికీ అక్కర్లేదు” అని చెప్పి తన దారిన వెళ్ళిపోయాడు.

పాత స్టాండ్లు, విరిగిన కుర్చీలు, మడతపెట్టిన తెరల మధ్య నల్లటి పియానో ఇరుక్కుని ఉంది. దాని ముందు బావ. మూత తెరిచి ఉంది. రెండు చేతులూ మెట్ల మీద ఉన్నాయి. ఒక్క వేలు కూడా కదలడం లేదు. ఎంతసేపటినుంచి అలా కూర్చున్నాడో, భుజాలు కిందికి జారిపోయి ఉన్నాయి.

పొట్టి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. ఎడమచేత్తో రెండు స్వరాలు వేస్తే చాలు, అతని చేతులు వెంటనే లేచి వస్తాయి. అది ఆమెకు తెలుసు.

నేల మీద ఆమె నీడ పడి బావ తలెత్తాడు. ఆమె ముఖం చూడలేదు. ఇరవయ్యేళ్ళ అలవాటుతో అతని చూపు నేరుగా ఆమె కుడి మణికట్టు మీదికి వెళ్ళింది, అక్కడ ఆగి ఎదురుచూసింది.

పొట్టి చేతులు వెనక్కి పెట్టుకుంది. అయినా చూపు అక్కడే ఉంది, చెయ్యి లేని చోట.

తను కంటిముందు ఉన్నంతసేపూ ఇది ఇంతే. పొట్టి ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు పిడి పట్టుకుంది. బావ పెదాలు కదిలాయి, పొట్టీ అన్నట్టు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.